దూరవైద్యము – గ్రామధర్మము



నేను చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యుడను కాను. వైద్యమునందు నాకు కల పరిచయమంతయు చిన్ననాట గురువుగారి యొద్ద కావ్యములతోపాటు చదివిన కొలది వైద్యగ్రంథ భాగములే. అట్టివాడు వైద్యమును గూర్చి ప్రసంగింప బూనుట సాహసమని మీకు తోపవచ్చును. కాని యీనాటి విషయమునందు వైద్యుడు చేయవలసిన పని కొంతయు, గ్రామము చేయవలసిన పని కొంతయు కలదు. నేను చెప్పబోవునది రెండవదానిని గూర్చియే. ఆ పనిలో నేనొకసారి తప్పితిని. ఆ తప్పునకు వెల చెల్లించినది నేను కాదు, మా అక్కయ్య. అందుచేత ఈ విషయమున నోరు విప్పుట నాకొక ఋణము తీర్చుకొనుట వంటిది.

విషయము దూరవైద్యము. వైద్యుడు పట్టణమందుండును, రోగి పల్లెయందుండును. నడుమ నొక తెర. ఆ తెరమీద వైద్యుని ముఖము రోగికి, రోగి ముఖము వైద్యునికి కనబడును. ఒకరి మాట యొకరికి వినబడును. దీనికై ఊరియందొక చిన్న గదిని ప్రత్యేకించి, అందు తెరను, రక్తపు పోటు చూచు పనిముట్టును, తూకపు యంత్రమును, నెత్తురులోని చక్కెరను కొలుచు సాధనమును అమర్చుదురు. అట్టి గదిని ఆంగ్లమున బూత్ అందురు. మన భాషలో ఆ మాటకు పెద్దలయెదుట పలుకరాని యర్థము వేరొకటి కలదు గనుక నేను దానిని దూరవైద్యపు గది యనియే పేర్కొందును.

మా మరిపెడ వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు పెద్దబాటమీద నున్నది. ప్రయాణికులు మరిపెడ బంగ్లా యందురు. పూర్వము వరంగల్లు జిల్లాలోనిది. 2016 సంవత్సరమున జిల్లాలను విభజించినపుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. బాట ప్రక్కనున్నవారికి బస్సులకు కొదువ లేదు. బాట విడిచి పొలములలోనికి, తండాలలోనికి పోయినచో సంగతి వేరు. అచటి ముసలమ్మ యొకతె రక్తపు పోటు చూపించుకొనుటకు బయలుదేరినదనుకొనుడు. ఆటోకు కూలి, బస్సుకు కూలి, వెంట నొక కొడుకో కోడలో రావలెను, ఆ దినము వారి కూలి పోవును, దవాఖానలో వరుస, మధ్యాహ్నమునకు ఆకలి, సాయంకాలమునకు తిరుగు ప్రయాణము. ఇంతయు రెండు నిమిషముల పరీక్షకు, నెల దినముల మాత్రలకు. అందుచేత మూడవ నెలలో ఆమె పోదు. “బాగానే ఉన్న గదా” యని మాత్రలు మానివేయును. రక్తపు పోటు నొప్పి పెట్టదు. మధుమేహము కేక వేయదు. ఏ తెల్లవారుజామునో కాలు చేయి పడిపోయినపుడు గాని ఇంటివారికి తెలియదు. పల్లెలలో ముసలివారిని తీసికొనిపోవునది చాలసార్లు రోగము కాదు, దూరము.

ఆ దూరము ఒక్కరాత్రిలో ఎంత పెరుగగలదో 2024 సెప్టెంబరు 1వ తేదీన మేము చూచితిమి. ఆకేరు వాగు పొంగి, పురుషోత్తమాయగూడెము వద్ద వంతెనను దెబ్బతీసినది. వరంగల్లు–ఖమ్మము బాట తెగినది. సీతారాం తండా నీట మునిగినది. ప్రాణములు పోయినవి. అటువైపున కేసముద్రము దగ్గర రైలుపట్టాల క్రింది కట్ట సయితము కొట్టుకొనిపోయెను. ఆనాడు మా యింట మా అక్కయ్య యున్నది, ఆమెకు మధుమేహము. మాత్రలు రెండు దినములకు మాత్రమే మిగిలియున్నవి. “వైద్యుడు తెరమీద కనబడునట కదా, పిలువుము” అన్నది. పిలుచుటకు నా చేతి ఫోనులో ప్రాణము లేదు. ఇంట కరెంటు లేదు. బాట తెగిన దినమున తీగయు తెగునని నాకా రోజున తెలిసినది. దీనిని మనసున నుంచుకొనుడు. మరల దీనికి వత్తును.

ఈ దూరవైద్యము క్రొత్తది యని కొందరనుకొందురు. ఇరువదియైదేండ్లు దాటినది, అదియు మన తెలుగుగడ్డమీదనే. చిత్తూరు జిల్లాలోని అరగొండ యను గ్రామమున అపోలో వారి చిన్న ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా పట్టణపు వైద్యులతో కలిపిరి. 2000 సంవత్సరము మార్చి 24వ తేదీన, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చినపుడు దానిని ప్రారంభించెను. ఆనాడది ఒక వింత. నేడది ప్రభుత్వపు నిత్యకృత్యము. మొహాలీలోని సీడాక్ సంస్థ రూపొందించిన ఈ-సంజీవని యను ఏర్పాటును 2019 నవంబరులో మొట్టమొదట అమలుపరచిన రాష్ట్రము ఆంధ్రప్రదేశము. 2020 ఏప్రిల్ 13న, కరోనా బాధలో జనులు ఇల్లు కదలలేని కాలమున, ఇంటినుండియే వైద్యునితో మాటాడు వసతిని చేర్చిరి. 2023 ఫిబ్రవరి నాటికి దేశమంతట దాని ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి.

ఆ పేరును విన్నపుడెల్ల నాకు రామాయణము జ్ఞప్తికి వచ్చును. లక్ష్మణుడు మూర్ఛిల్లినపుడు సుషేణుడను వైద్యుడు ప్రక్కనే యున్నాడు. ఓషధి దూరపు కొండమీద నున్నది. హనుమంతుడు పోయి తెచ్చెను. ఇప్పుడు వ్యవహారము తలక్రిందైనది. ఓషధి అంగడిలో నున్నది. సుషేణుడే దూరముగా నున్నాడు. అతనిని తెరమీదికి తెచ్చుటకు యంత్రము చాలును. ఐనను రామాయణమున సుషేణుడు రోగి చెంతనే యుండి శరీరమును చూచి, ఇంకను ప్రాణమున్నదని నిశ్చయించుకొన్న తరువాతనే ఓషధికై పంపెను. మన సుషేణునికి ఆ చూపు నెవరియ్యవలెను? నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు సమాధానమే.

మన ప్రాచీన వైద్యులు రోగిని మూడు విధముల పరీక్షింపుమనిరి: దర్శనము, స్పర్శనము, ప్రశ్నము. అనగా చూచుట, తాకుట, అడుగుట. ఈ మూటిలో దర్శనము తీగమీద కొంత పోవును. తెర చూపినంతమేరకే పోవును. ప్రశ్నము చక్కగా పోవును; రోగి నోరు విప్పినచో. స్పర్శనము మాత్రము ఒక్క యడుగైనను పోదు. కడుపు నొక్కి చూచుట, కాలివాపుమీద వ్రేలుంచి గుంట పడునో పడదో చూచుట, ఒంటి వేడిమి, చెమట, ఇవి పల్లెలో రోగి ప్రక్కనున్న చేతికే తెలియవలెను.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములని చెప్పెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మంచమునకు నాలుగు కోళ్ళవలె నాలుగును నిలిచిననే చికిత్స నిలుచును. దూరవైద్యమున ఒక్క పాదము, అనగా వైద్యుడు, దూరముగా పోయినాడు. దానికి కొరత లేదు. అతని విద్య దూరమువలన తగ్గిపోదు. కాని మిగిలిన మూడు పాదములును ఊరియందే గట్టిగా నుండవలెను. ఆ మూటిని నిలుపుట యంత్రము పని కాదు, అది గ్రామధర్మము. నేను చెప్పదలచిన దిదియే. ఇప్పుడు నా తప్పు చెప్పెదను.

మా అక్కయ్యకు డెబ్బది దాటినవి. మాకు కొలది మైళ్ళ దూరమున నామె యిల్లు. వరద వెళ్ళిన తరువాత, ఆమెను నెలకొకసారి ఆ యూరి దూరవైద్యపు గదికి నేనే తీసికొనిపోవుచుంటిని. మొదటి మూడు నెలలు ఎంతో బాగుగా జరిగినది. నర్సమ్మ ముందుగా బరువు చూచును, పోటు చూచును, వ్రేలికొన గ్రుచ్చి చక్కెర చూచును, కాలిచెప్పులు విప్పించి పాదములు చూచును. ఆ లెక్కలు వైద్యునికి చెప్పును. అతడు రెండు ప్రశ్నలడిగి, మాత్ర వేసికొనవలసిన వేళను మార్చెను. అక్కయ్య చక్కెర తగ్గినది. మొదట “నాడి పట్టకుండ గా డబ్బాల ఉన్నాయనకు నా రోగమెట్ల దెలుస్తది తమ్మీ?” యన్న మనిషియే, మూడవ నెలలో, “మన డాక్టరు ఇయ్యాల కండ్లద్దాలు మార్చిండు” అని నవ్వినది.

నాలుగవ నెల మార్చి. మిరపకాయల కాలము. కల్లములో నెండబోసిన కాయలను తిరుగవేయుటకు అక్కయ్య వట్టికాళ్ళతో తిరిగినది. ఎండకు కాలిన నేల. ఆ దినము మేము గదికి పోవునప్పటికి నర్సమ్మ టీకాలు వేయుటకై తండాకు పోయియున్నది. అదియు ఆమె పనియే, ఆమెను తప్పు పట్టరాదు. యంత్రమును నడపుట తెలిసిన కుర్రవాడొకడు తెరను తెరచి వెలుపలికి పోయెను. మా వెనుక పదిమంది యుండిరి. వైద్యుడు కనబడి మర్యాదగా నడిగెను: కాళ్ళలో తిమ్మిరి గాని, పుండు గాని యున్నదా? అక్కయ్య, “అరికాలు జర మొద్దుబారినట్టు...” అని మొదలుపెట్టినది. నేనడ్డము వచ్చితిని. “వయస్సునుబట్టి కలుగునదే నండీ. పుండ్లేమియు లేవు. మాత్రలు క్రమముగా సేవించుచున్నది” అంటిని. శుద్ధమైన భాషలో అంటిని. వైద్యుని కాలము విలువైనదని, మా అక్కయ్య మాట సాగదీయునని, వెనుక జనమున్నారని నా తలంపు. ఆయన సంతసించి పాత మాత్రలనే వ్రాసెను. నాలుగు నిమిషములలో పని ముగిసినది. ఇంటికి వచ్చుచు నేను గర్వపడితిని.

తొమ్మిది దినములకు నర్సమ్మ వేరొక పనిమీద ఆ వీధికి పోయి, అక్కయ్య అరుగుమీద కాలు చాచి కూర్చుండుట చూచి, చీరచెరగున మరకను కనిపెట్టినది. కాలు కడిగి చూడగా చిటికెన వ్రేలి క్రింద బొబ్బ చిదిగి, పుండై, లోతుగా పోయియున్నది. అక్కయ్యకు నొప్పి లేదు. లేకుండుటయే రోగము. మధుమేహము చిరకాలమున్నవారికి పాదములలోని నరములు చచ్చుబడును; ముల్లు గ్రుచ్చుకొన్నను, నేల కాల్చినను తెలియదు. నెత్తురు పారుదలయు మందగించును గనుక పుండు మానదు. అట్టివారిని “నొప్పి యున్నదా?” యని యడిగిన “లేదు” అందురు, అది నిజమే. కావున పాదమును చూడవలెను, తాకవలెను. జిల్లా పట్టణమున ఆసుపత్రిలో ఆ వ్రేలిని తొలగించిరి. పాదము దక్కినది.

ఆలోచింపుడు. దర్శనము మా అక్కయ్య ముఖమువరకే పోయెను. తెర పాదమును చూపలేదు. స్పర్శనమునకు చేయి లేకపోయెను. మిగిలినది ప్రశ్నము, వైద్యుడు సరియైన ప్రశ్ననే యడిగెను, రోగి సరియైన సమాధానమే మొదలుపెట్టినది. దానిని నేను మ్రింగివేసితిని. ఆసుపత్రిలో మంచముమీద పండుకొని అక్కయ్య నాతో నన్న మాట యిది: “తమ్మీ, బడిల ఒకని సవాలుకు ఇంకొకడు జవాబిస్తె బెంచీ ఎక్కిస్తుంటివట. మరి నా జవాబు నువ్వెందుకు జెప్పినవు?” నేను దానికి బదులు చెప్పలేకపోతిని.

చరకుడు నాలుగు పాదములలో ఒక్కొక్కదానికి నాలుగేసి గుణములు చెప్పెను. రోగికి చెప్పిన గుణములు: జ్ఞాపకశక్తి, వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన రోగమును తాను తెలియజెప్పగలుగుట. ఈ కడపటి గుణమును నేను చదువుకొన్ననాడు దాటవేసితిని. ఎదుటనున్న వైద్యుడు రోగి నడకనుండి, నిట్టూర్పునుండి, చెప్పులు విడుచుటనుండి కొంత గ్రహించును. తెరమీది వైద్యునికి రోగి మాటయే కన్ను. దానిని వెంట వచ్చినవాడు అలంకరించినను కుదించినను వైద్యుడు గ్రుడ్డివాడగును. కావున మొదటి నియమము: రోగి మాట రోగినే చెప్పనిండు. తడబడినను, సాగదీసినను, మన యూరి మాటలోనే చెప్పినను సరియే. “కడుపుల దేవినట్టు”, “గుండెల దడదడ” యనినచో వైద్యునికి తెలియును. తెలియకున్న మరల నడుగును. తండాలనుండి వచ్చు లంబాడీ తల్లులకు తెలుగు చాలకపోవచ్చును. వారికి నమ్మకముగల యొక స్త్రీ తోడుండి మాటను మార్చి చెప్పవలెను. మాటను మార్చవలెను గాని సమాధానమును మార్చరాదు.

భయపడకుండుటకు తలుపు మూయవలెను. గది వాకిట జనము నిలిచి వినుచుండగా ఏ స్త్రీయు తన బాధను చెప్పదు. క్షయ యనుమానమున్నవాడు దగ్గును సయితము దాచును. గదికి తలుపు, కిటికీకి తెర, వరుసకు దూరముగా నొక బల్ల, ఇవి పెద్దవారు తలచుకొన్న ఒక్కదినములో నగును. మనోవ్యథ గలవారు ఆ గదికి వచ్చుటకు సిగ్గుపడినచో, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ కలదు. 14416 సంఖ్యకు ఇంటినుండియే ఫోను చేయవచ్చును. పంట పోయి, అప్పు పెరిగి, మాట తగ్గించిన రైతు మీ యూర నున్నచో ఈ సంఖ్యను అతని కొఱకు మీరే జ్ఞాపకముంచుకొనుడు.

రెండవ పాదము పరిచారకుడు. చరకుడు చెప్పిన గుణములు: ఉపచారము తెలియుట, నేర్పు, రోగియెడ ప్రేమ, శుచి. యంత్రమును తెరచుట ఈ నాలుగింటిలో నొకటి కాదు. గమనింపుడు. దూరవైద్యపు గదులకు ఆద్యమని చెప్పదగినది అమెరికాలోని బోస్టను నగరమున నుండెను. 1960ల చివర, విమానాశ్రయమునందలి చిన్న వైద్యశాలను నగరమందలి పెద్ద ఆసుపత్రితో టెలివిజను ద్వారా కలిపిరి. బాటమీద బండ్ల రద్దీవలన వైద్యులు అచటికి సకాలమున చేరలేకపోవుటయే కారణము. అచట రోగి ప్రక్కన నర్సులుండిరి. వైద్యుడు చెప్పినచోట చేయి వేయుచుండిరి. అదే దేశమున ఫార్వర్డ్ అను సంస్థ 2023 నవంబరులో ప్రక్కన నర్సుగాని వైద్యుడుగాని లేక యంత్రములే సర్వము చేయు గదులను ప్రకటించినది. 2024 నవంబరులో ఆ సంస్థయే మూతపడినది. వ్యాపారములు మూతపడుటకు కారణములనేకములుండును; ఐనను ధనమునకు, యంత్రములకు లోటులేని దేశమందు సయితము మనిషి లేని గది నిలువలేదని మనము తెలిసికొనదగును. కావున మీ యూరికి అట్టి గదిని తెత్తుమని యెవరు వచ్చినను, యంత్రము వెల అడుగకుడు. “ప్రక్కన నుండునదెవరు? ఆమె టీకాలకు పోయిన దినము గది మూయుదురా, మరొకరిని పంపుదురా?” యని యడుగుడు. నర్సమ్మ లేని దినమున పాతమాత్రలు తీసికొనుటకు తప్ప, ముసలివారిని, గర్భిణులను, పసిపిల్లలను అందు కూర్చుండబెట్టకుడు.

మూడవ పాదము ఔషధము. వైద్యుడు నాలుగు నిమిషములలో తెరమీద చీటి వ్రాయును. ఆ మాత్రలు ఉపకేంద్రమున లేక, వాటికై మరిపెడకో మహబూబాబాదుకో పోవలసివచ్చినచో, ఆటోకూలి తప్పలేదు, దినము మిగులలేదు. దూరము తగ్గినట్లు తోచునే గాని తగ్గదు. కాబట్టి రక్తపు పోటుకు, మధుమేహమునకు ఊరిలో ఎంతమంది మాత్రలు వాడుచున్నారో నర్సమ్మ యొద్ద లెక్క యుండును. ఆ లెక్కకు సరిపడు మాత్రలు నెల మొదటనే వచ్చినవో లేదో గ్రామసభలో అడుగుట మన హక్కు. వానకాలమున ఒక నెలకు బదులు రెండు నెలలకు సరిపడునట్లు ముందే కోరవలెను. ఆకేరు పొంగునపుడు కోరిన ప్రయోజనము లేదు. గదికి నిలువ విద్యుత్తునిచ్చు బ్యాటరీ కూడ మాత్రల వంటిదే; అది పనిచేయుచున్నదా లేదా యని నెలకొకసారి ఎవరైన చూచుచుండవలెను.

ఇక వైద్యుని విషయము. అతడు దూరముననున్నను నియమములకు లోబడినవాడే. 2020 మార్చి 25న ప్రభుత్వము దూరవైద్యమునకు మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. వాటినిబట్టి వైద్యుడు తన పేరును, అర్హతను ముందుగా చెప్పవలెను. చీటిమీద తన నమోదు సంఖ్యను వేయవలెను. మత్తు కలిగించు కొన్ని మందులను దూరమునుండి వ్రాయరాదు. పసివారి తరఫున మాటాడుటకు పెద్దవారు తోడుండవలెను. అన్నిటికంటె ముఖ్యము, “నిన్ను ప్రత్యక్షముగా చూడవలెను” అని వైద్యుడే యనవచ్చును. “నేను ప్రత్యక్షముగానే చూపించుకొందును” అని రోగియు అనవచ్చును. తెరమీది వైద్యుడు “దవాఖానకు రమ్ము” అన్నపుడు, “ఈమాత్రమునకు ఆ డబ్బా యెందుకు?” అని విసుగుకొనువారిని చూచితిని. అట్లనకుడు. ఎవరు పోవలెనో, ఎవరు పోనక్కరలేదో విడమరచి చెప్పుటయే ఆ గది చేయు గొప్ప ఉపకారము. పదిమందిలో ఎనమండుగురి ప్రయాణము తప్పినచో, నిజముగా పోవలసిన యిద్దరికి ఆటోకూలి ఊరే సమకూర్చగలదు.

కొన్ని బాధలకు ఆ గది ముంగిటనైనను నిలువరాదు. రొమ్ములో బరువైన నొప్పి, చెమటలు, మూతి వంకర, మాట తడబాటు, ఒకవైపు కాలుచేతులు పట్టు తప్పుట, ఊపిరాడకుండుట, పాముకాటు, ఆగని రక్తస్రావము, గర్భిణికి మూర్ఛ, కడుపునొప్పి, రక్తము కనబడుట, పురుగుమందు కడుపున పడుట. ఇట్టివానికి తెర వెదకుచు కూర్చుండక 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులో ప్రారంభమైన బండి యది. బండి వచ్చు దారిలో ఎవరి బండరాళ్ళు, ఎవరి ఎడ్లబండ్లు అడ్డముగానున్నవో పెద్దలకు తెలియును. అవి ముందే తొలగింపదగినవి.

సోదరులారా, ఇంతసేపు నా మాట మీరు వినుచున్నారు. నేను మీకు కనబడుట లేదు, మీరు నాకు కనబడుట లేదు. నేను చెప్పునది తప్పైనచో ఇక్కడనుండి మీరు నన్ను సవరింపలేరు. దూరవైద్యపు గది ఈ రేడియోపెట్టె వంటిది కాదు. అందు రోగి తిరిగి మాటాడగలదు. ఆ వసతిని ఆమెకు దక్కనీయవలెను. మీ యూర నట్టి గది యున్నచో ఈ వారమే పోయి మూడు చూడుడు: ప్రక్కన చేయి యున్నదా, అరలో మాత్రలున్నవా, తలుపు మూతపడునా. మూడును ఉన్నచో, బాటకు దూరముననున్న ముసలివారిని స్వయముగా పిలిచి తీసికొనిపొండు. ఏది లేకున్నను మండలమున అడుగుడు, మరల అడుగుడు.

మధుమేహమున్నవారు ఇంట నున్నచో, ఈ రాత్రి పండుకొనుటకు ముందు దీపము దగ్గరికి తీసికొని వారి పాదములు చూడుడు. అరికాలు, వ్రేళ్ళ సందులు, మడమలు. చూచి, వ్రేలితో తాకి, “తెలియుచున్నదా?” యని యడుగుడు. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము, మూడును అక్కడనే కలిసివచ్చును. దీనికి యంత్రమక్కరలేదు. మా అక్కయ్య పాదములను నేనిపుడు ప్రతి ఆదివారము చూచుచున్నాను. సమాధానము ఆమెనే చెప్పనిచ్చుచున్నాను.

సెలవు.